రిబ్బను కత్తిరించిన మర్నాడు

చెరువులు కట్టి, పైపులు వేసి, కరువు పనులు నడిపిన అనంతపురం పీఠభూమి బెంగళూరు ఆఫీసుల్లో ప్రాజెక్టులు నడిపే మన పిల్లలకు ఏం నేర్పుతుంది?

"కోడు రాయనంటివి, మిషను పట్టనంటివి. మరి నీకు జీతమెందుకిస్తారప్పా?"

బెంగళూరులో ప్రాజెక్టు మేనేజరుగానో, ప్రాడక్టు మేనేజరుగానో పనిచేసే అనంతపురం పిల్లలు పండక్కి ఊరొస్తే ఇంట్లో ఎదురయ్యే ప్రశ్న ఇది. "పదిమంది చేత పని చేయిస్తా" అంటే మేస్త్రీ అనుకుంటారు. "జనానికి ఏం కావాలో కనుక్కుంటా" అంటే సర్వే చేసేవాడనుకుంటారు. రెండూ నిజానికి దగ్గరి జవాబులే. ఏది తయారు చేయాలి, ఎవరి కోసం చేయాలి, దేన్ని వదిలేయాలి అని తేల్చేది ప్రాడక్టు మేనేజరు. తేల్చినదాన్ని చెప్పిన గడువుకు, చేతిలో ఉన్న డబ్బుతో, ఉన్న మనుషులతో నిలబెట్టేది ప్రాజెక్టు మేనేజరు. చిన్న కంపెనీల్లో ఈ రెండు బరువులూ ఒకరి నెత్తినే పడతాయి.

ఈ పని నేర్పడానికి కోర్సులున్నాయి, సర్టిఫికెట్లున్నాయి, లావుపాటి పుస్తకాలున్నాయి. చదివితే మంచిదే. అయితే వాటిలో ఉదాహరణలన్నీ ఎక్కడివో. మన కాళ్ల కింది నేల నేర్పే పాఠం అంతకన్నా గట్టిదని నా నమ్మకం. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లు పడితే గొప్ప అనుకునే చోటు ఇది. నైరుతి రుతుపవనాలు పడమటి కనుమల అవతలే బరువు దించుకుని వస్తాయి. ఈశాన్యపు వానలు తీరం నుంచి ఇక్కడికి చేరేసరికి పలచబడతాయి. అంచనా తప్పితే సర్దుకోవడానికి ఇక్కడ మిగులు ఉండదు. ఇలాంటి నేల మీద 650 ఏళ్లుగా చెరువులు, నీటి పథకాలు, కూలి పనులు, చివరికి ఒక కార్ల ఫ్యాక్టరీ కూడా లేచాయి. కొన్ని తరాలు దాటి నిలిచాయి. కొన్ని ప్రారంభోత్సవం నాడు మెరిసి తర్వాత కుంటుతున్నాయి. రిబ్బను కత్తిరించిన మర్నాడు ఏమవుతుందో ముందే ఎంత ఆలోచించారన్న దాని దగ్గరే ఈ తేడా వచ్చిందని ఒక్కోదాన్నీ పట్టి చూస్తే తెలుస్తుంది.

పన్నెండు అంగాలు, ఆరు దోషాలు

కడప జిల్లా పోరుమామిళ్లలో ఒక చెరువుంది. విజయనగర రాజు మొదటి బుక్కరాయల కొడుకు భాస్కరుడు కట్టించాడు. 1369 నాటి శాసనం ఆ చెరువు కథను సంస్కృతంలో రాతి మీద చెబుతుంది. వెయ్యిమంది కూలీలు, నూరు బండ్లు, రెండేళ్ల పని. ఈ లెక్క ఒక్కటే ఉంటే మామూలు దానశాసనమే అయ్యేది. మంచి చెరువుకు ఉండాల్సిన 12 అంగాలు, ఉండకూడని 6 దోషాలు కూడా దాని మీద చెక్కించారు.

అంగాల్లో మొదటిది ధర్మబుద్ధీ, ధనమూ ఉన్న రాజు. అంటే పని వెనక నిలబడి డబ్బు పెట్టే యజమాని. రెండోది నీటి శాస్త్రం తెలిసిన పండితుడు. ఆ తర్వాత గట్టి మట్టి నేల, దూరం నుంచి వచ్చే తీపి నీటి ఏరు, ఆనుకుని ఉండే కొండలు, మరీ పొడవు కాని బలమైన కట్ట, దగ్గర్లో రాతి గని, కింద సారమున్న పొలాలు, చివర్లో పనితనం తెలిసిన మనుషుల గుంపు. వరస గమనించండి. ముందు బాధ్యత తీసుకునే మనిషి, తర్వాత తెలిసిన మనిషి, తర్వాత నేల, నీరు, రాయి.

దోషాల జాబితా ఇంకా పదునైనది. కట్ట నుంచి నీరు కారడం, చౌడు నేల, చెరువు నడుమ మెరక ఉండటం ఇంజినీరు కంటికి ఆనే లోపాలు. మిగతా మూడూ మేనేజరు కంటికి ఆనాల్సినవి. నీళ్లు తక్కువై ఆయకట్టు ఎక్కువ కావడం ఒకటి, నీళ్లు ఎక్కువై నేల చాలకపోవడం ఇంకొకటి. మూడోది రెండు రాజ్యాల సరిహద్దులో చెరువు కట్టడం. కట్ట ఎంత గట్టిదైనా, ఇటు రాజు తన చెరువంటాడు, అటు రాజు తనదంటాడు. గండి పడిన రోజు మాత్రం ఇద్దరూ రారు.

రెండు టీముల మధ్య పడిన సాఫ్ట్‌వేర్ పని చూసినవాళ్లకు ఈ మూడో దోషం వెంటనే అర్థమవుతుంది. చెల్లింపుల విభాగం తనది కాదంటుంది, యాప్ చేసే విభాగం తనది కాదంటుంది. పని మొదలుపెట్టేటప్పుడే దాని యజమాని పేరు ఒకటి, ఒక్కటే, రాసి పెట్టించడం మేనేజరు మొదటి నైపుణ్యం. 'ఇద్దరం చూసుకుంటాం' అన్న మాట వినగానే ఆ శాసనం గుర్తు రావాలి. అలాగే ఎంతమంది వాడతారో, ఎంత సరుకుందో సరిచూడకుండా అందరికీ మాటిచ్చేయడం నీళ్లు తక్కువ, ఆయకట్టు ఎక్కువ అన్న దోషమే.

ఇప్పుడు కంపెనీల్లో రిస్కు రిజిస్టరు అని ఒకటి రాస్తారు. చాలాచోట్ల అది మేనేజరు లాప్‌టాప్‌లో ఒక మూల పడి ఉంటుంది, అడిగితే తప్ప బయటికి రాదు. భాస్కరుడి జాబితా ఊళ్లో అందరి కళ్ల ముందూ, రాతి మీద ఉంది. తర్వాత చెరువు కట్టేవాడు దాన్ని చూసి కట్టాలని.

కట్టినవాడు వెళ్లిపోయాక

అనంతపురం ఊరు కూడా చెరువు పేరు మీద పుట్టిందే. బుక్కరాయల మంత్రి చిక్కప్ప ఒడయరు 1364లో అనంతసాగరం, బుక్కరాయసముద్రం చెరువులు కట్టించాడని చెబుతారు. ఆ బుక్కరాయసముద్రం చెరువుకు గండి పడబోతే ఊరిని కాపాడటానికి ఒక రైతు ఇంటి కోడలు ముసలమ్మ ప్రాణమిచ్చిందన్న కథ మనందరికీ తెలుసు. కట్టమంచి రామలింగారెడ్డి 'ముసలమ్మ మరణము' కావ్యం దాని మీదే రాశారు. త్యాగం గురించిన కథగా దాన్ని చదువుతాం. నాకు మాత్రం కట్ట బలహీనపడిన రోజు మూల్యం ఎవరు చెల్లించారన్నదే ముందు కనిపిస్తుంది. చెరువు కట్టించిన మంత్రి చెల్లించలేదు, మరమ్మతు మరిచిన పెద్దలు చెల్లించలేదు. ఇంటి కోడలు చెల్లించింది. నడిచే వ్యవస్థ ఏది తెగినా మొదట మునిగేది అందరికన్నా కింద ఉన్నవాళ్లే.

పాత రాయలసీమకు ఈ సంగతి తెలుసు కాబట్టే దశబంధం అనే ఏర్పాటు చేసుకుంది. చెరువును కట్టినవాడికో, మరమ్మతు బాధ్యత మోసేవాడికో ఆయకట్టులో ఇనాం భూమి ఇచ్చేవారు. కట్టను బాగు చేసినన్నాళ్లే భూమి అతనిది. చెరువు నిండితే అతని పొలమూ పండుతుంది, ఎండితే అతనిదీ ఎండుతుంది. దీనికి తోడు ప్రతి చెరువుకూ నీరుగంటి ఉండేవాడు. తూము ఎప్పుడు తీయాలి, ఏ మడికి ముందు, ఏ మడికి తర్వాత అన్నది అతని చేతిలో పని. పంట కోతకొచ్చాక రైతులు గింజలు కొలిచిచ్చేవారు. కట్టను చూసుకునే మనిషికి జీతం ఎక్కడి నుంచి రావాలన్నది చెరువు కట్టేనాడే తేలిపోయింది. ఏటా ఎవరి దగ్గరికో వెళ్లి చేయి చాచే అవసరం పెట్టలేదు. తర్వాతి కాలంలో ఈ ఏర్పాట్లు సడలాయి, చెరువులూ పూడికపడ్డాయి.

18 నెలలు, 731 ఊళ్లు

ఈ కాలంలో మన పీఠభూమి మీద జరిగిన అతి పెద్ద పనుల్లో ఒకటి శ్రీ సత్యసాయి తాగునీటి పథకం. బోర్లలో వచ్చే నీటి నిండా ఫ్లోరైడు. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే ప్రమాదమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన పరిమితి. దాన్ని మించిన నీళ్లే తాగుతూ పళ్లు గారపట్టి, మోకాళ్లు వంగిపోయిన ఊళ్లు ఇక్కడెన్నో. 1995లో సత్యసాయి సెంట్రల్ ట్రస్టు తన సొంత డబ్బుతో పని మొదలుపెట్టింది. లార్సెన్ అండ్ టూబ్రో కంపెనీ నిర్మాణం చేసింది. దాదాపు 300 కోట్ల రూపాయల ఖర్చుతో 731 గ్రామాలకు, కొన్ని పట్టణాలకు, సుమారు 18 నెలల్లో నీళ్లివ్వాలన్న పథకం. ప్రభుత్వ బడ్జెట్ సాయం లేకుండా ఒక సంస్థ ఇంత పని తలకెత్తుకోవడాన్ని తొమ్మిదో పంచవర్ష ప్రణాళిక పత్రం సాటిలేనిదని మెచ్చుకుంది. 1999 నవంబరు 23న తపాలా శాఖ దీని మీద బిళ్ల కూడా వేసింది.

18 నెలలన్నది మన దేశంలో నమ్మశక్యం కాని గడువు. ఎలా సాధ్యమైందని ప్రతి ప్రాజెక్టు మేనేజరూ అడగాలి. డబ్బు కోసం ఆగలేదు, విడతలు విడతలుగా మంజూరు కావాల్సిన పని లేదు. నిర్ణయం తీసుకునేవారెవరో అందరికీ తెలుసు. ఊరూరికీ కొత్త నమూనా గీయకుండా నాలుగు కొళాయిలున్న సిమెంటు తొట్టి లాంటివి ఒకే అచ్చులో పోసుకుంటూ పోయారు. పనులు ఒకదాని తర్వాత ఒకటి కాకుండా ఎన్నో చోట్ల ఒకేసారి సాగాయి. ఏ పరిశ్రమలోనైనా వేగం ఇక్కడి నుంచే వస్తుంది. మనుషుల్ని రాత్రింబవళ్లు కూర్చోబెట్టడం వల్ల రాదు. నిర్ణయం కోసం ఎదురుచూసే రోజుల్ని తగ్గించడం వల్ల వస్తుంది. మీ ప్రాజెక్టు ఆలస్యమైందా? పని చేసిన రోజులెన్ని, జవాబు కోసం కాచుకున్న రోజులెన్ని అని రెండు వరసలు రాసి చూడండి. రెండో వరసే పొడుగ్గా ఉంటుంది.

ఇక మర్నాటి సంగతి. పైపు వేశాక దాన్ని రోజూ నడిపేది పంపుహౌసు ఆపరేటరు, వాల్వు తిప్పే మనిషి, లీకయిన చోట గుంత తీసి అతుకు వేసే ఫిట్టరు. ఈ పథకం కార్మికులు జీతాల బకాయిల కోసం పలుమార్లు సమ్మెకు దిగారు. వాళ్లు దిగిన ప్రతిసారీ ఊళ్లలో బిందెలు ఖాళీ. కట్టడానికి దాతలున్నారు, ఇంజినీర్లున్నారు, పేరుంది. వాల్వు తిప్పే మనిషి నెల జీతానికి ప్రారంభోత్సవం ఉండదు, శిలాఫలకం ఉండదు. 300 కోట్ల పనిని మోస్తున్నది ఆ చిన్న జీతమే. దశబంధం ఇనాముకూ దీనికీ మధ్య ఉన్న దూరాన్ని ప్రతి మేనేజరూ కొలుచుకోవాలి. కొత్త పని ప్రతిపాదన రాసేటప్పుడు మూడో ఏడు ఖర్చు ఎవరి ఖాతాలోంచి అన్న వరస ఒకటి పెట్టి, అది నిండేదాకా సంతకం పెట్టించకుండా ఆగగలగడం ఒక నైపుణ్యం. పైవాళ్లకు అది నచ్చదు. ఆపుతున్నాడంటారు. అయినా ఆగాలి.

ఇంకొకటి దగ్గర నుంచి చూడాలి. ట్యాంకు పక్క వీధిలో కొళాయి ధారగా దూకుతుంది. ఊరి చివర మెరక మీది కాలనీలో అదే నీరు సన్నగా, ఆగి ఆగి వస్తుంది. కొన్నాళ్లు గాలి మాత్రమే బుస్సుమంటుంది. అక్కడ వరసలో బిందె పెట్టిన ఆడమనిషికి ఆపరేటరు వాల్వు ఎన్ని చుట్లు తిప్పాడో తెలుసు, కరెంటు ఎప్పుడు పోయిందో తెలుసు, ముందు వీధిలో ఎవరు మోటారు పెట్టి లాగుతున్నారో కూడా తెలుసు. జిల్లా ఆఫీసు గోడ మీది పట్టికలో మాత్రం ఆ ఊరి ఎదురుగా 'నీరు అందుతోంది' అని టిక్కు ఉంటుంది. ప్రాడక్టు మేనేజరు చూసే తెర కూడా ఇలాంటి పట్టికే. సగటు బాగుందని సంతోషపడేముందు చివరి కొళాయి దగ్గర నిలబడి రావాలి. నెట్‌వర్కు సరిగా అందని పల్లెలో, పాత ఫోనులో, తెలుగు మాత్రమే చదవగలిగిన మనిషి చేతిలో మీ యాప్ ఎలా ఉందో చూడాలి. మొదటి కొళాయి దగ్గర అందరి నీళ్లూ బాగానే వస్తాయి.

కరువు పని

2006 ఫిబ్రవరి 2న నార్పల మండలం బండ్లపల్లిలో అప్పటి ప్రధాని మన్మోహన్‌ సింగ్, సోనియా గాంధీ కలిసి జాతీయ గ్రామీణ ఉపాధి హామీ పథకాన్ని ప్రారంభించారు. దేశంలో మొదటి విడత 200 జిల్లాలకు వచ్చిన పథకం పుట్టిన ఊరు మనది. కాగితాల మీద పేరేదైనా మన ఊళ్లలో దాన్ని కరువు పని అనే అంటారు. ఆ మాటకు పాత జ్ఞాపకాలున్నాయి.

1876-78 కరువు. అనంతపురం అప్పటికి బళ్లారి జిల్లాలో భాగం, వేరు జిల్లా అయింది 1882లో. ఖర్చు ఎక్కువవుతోందని కలకత్తా నుంచి వచ్చిన సర్ రిచర్డ్ టెంపుల్ 1877లో కరువు పనుల కూలిని కోశాడు. బరువు పని చేసే మగవాడికి రోజుకు ఒక పౌను ధాన్యం, ఒక అణా. పౌనంటే సుమారు 450 గ్రాములు. మద్రాసు శానిటరీ కమిషనరు డాక్టర్ కార్నిష్ ఆ తిండి ప్రాణం నిలపదని గట్టిగా వాదించాడు. తర్వాత కూలి మళ్లీ పెంచారు. అప్పటికే ఎందరో పోయారు. టెంపుల్ దృష్టిలో ప్రాజెక్టు బాగానే నడుస్తోంది, ఖర్చు తగ్గింది మరి. అతను ఎంచుకున్న కొలత అది. కార్నిష్ కొలిచింది కూలీల ఒంటిని. ఏ కొలత పెట్టుకుంటామో ఆ పనే జరుగుతుంది. ఎన్ని ఫిర్యాదు టికెట్లు మూశారో లెక్కపెడితే టికెట్లు మూస్తారు, సమస్య తీరిందా అని ఎవరూ చూడరు. ప్రాణాల మీద ఈ పాఠం నేర్చుకున్న నేల ఇది.

2006లో ఇదే చిక్కు వేరే రూపంలో వచ్చింది. ఉపాధి పనిలో కూలి లెక్క తవ్విన గుంత కొలతను బట్టి. ఎన్ని ఘనపు మీటర్లు తవ్వితే అంత. ఆ రేట్లేమో కాంట్రాక్టర్ల కోసం రాసిన పాత పుస్తకంలోవి. గట్టి మగవాళ్లు, మెత్తటి నేల అన్న ఊహ మీద నిలబడ్డవి. మన దగ్గరేమో ఎండాకాలం గరుసు నేల. గడ్డపార వేస్తే ఖంగుమని ఎగిరి చేతిలోకే తిరిగొస్తుంది. ఆ నేల తవ్వేది ఎక్కువగా ఆడవాళ్లు, వయసు మళ్లినవాళ్లు. పొద్దంతా తవ్వినా కొలత టేపు వేస్తే చట్టం చెప్పిన కూలిలో సగం కూడా గిట్టదు. టెక్నికల్ అసిస్టెంటు తప్పేమీ లేదు, మేటు తప్పేమీ లేదు, కొలతల పుస్తకంలో అంకెలూ సరైనవే. కూలీకి మాత్రం అన్యాయం జరుగుతోంది.

అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం చేసిన పనిని నేను ప్రతి ప్రాడక్టు మేనేజరుకూ చెప్పాలనుకుంటాను. పని జరిగే చోట మనుషుల్ని నిలబెట్టి, మామూలు కూలీ ఏ నేలలో గంటకు ఎంత తవ్వగలడో కొలిపించారు. ఆ లెక్కతో రేట్లు తిరగరాశారు. ఎండాకాలం పని నెమ్మదిస్తుంది కాబట్టి ఫిబ్రవరి నుంచి జూన్ దాకా నెలను బట్టి 20 నుంచి 30 శాతం వరకు అదనపు భత్యం కలిపారు. అంచనా వేయడమంటే ఇదే. బాగా పనిచేసేవాడు, బాగున్న రోజు, ఎంత చేస్తాడన్నది అంచనా కాదు. మీ టీములో కొత్తగా చేరిన అమ్మాయి, కష్టమైన వారంలో, ఎంత చేయగలదో అది అంచనా.

ఆ పథకంలో ఇంకా గొప్ప ఏర్పాటు సామాజిక తనిఖీ. 2006లోనే అనంతపురంలో పెద్ద ఎత్తున తనిఖీ యాత్ర జరిగింది. 2009లో దీనికోసం వేరే సొసైటీ ఏర్పడింది. కూలీల కుటుంబాల నుంచే కాస్త చదువుకున్న పిల్లల్ని తీసుకుని శిక్షణ ఇస్తారు. తమ సొంత ఊరిని తనిఖీ చేయరు, పొరుగూరికి వెళతారు. మస్టరు (హాజరు) కాగితం చేతబట్టుకుని ఇల్లిల్లూ తిరిగి, "అక్కా, ఈ వారం ఆరు రోజులు పనికి పోయినట్టుంది, పోయినావా? డబ్బులు చేతికి ఎంత వచ్చినాయి?" అని అడుగుతారు. గుంత దగ్గరికి వెళ్లి టేపు వేసి మళ్లీ కొలుస్తారు. దొరికినదంతా గ్రామసభలో బిగ్గరగా చదివి వినిపిస్తారు. ఆపైన మండల కేంద్రంలో ప్రజావేదిక. ఒకవైపు అధికారులు, ఒకవైపు కూలీలు, నడుమ కాగితాలు. చనిపోయినవాడి పేరు మీద కూలి తీసినట్టు మైకులో చదివితే అక్కడున్న వాళ్లెవరూ సర్దిచెప్పలేరు.

చదవడం రానివాళ్లకు లెక్క తెలిసేది చదివి వినిపిస్తేనే. సమావేశాల్లో మనం చూపించే రంగురంగుల తెరల కన్నా ఇది వందరెట్లు బలమైన పద్ధతి. ప్రాజెక్టు ముగిశాక కంపెనీల్లో కూడా సమీక్షలు పెడతారు. వాటికి కట్టినవాళ్లే వస్తారు, వాడినవాళ్లను పిలవరు. ఒక్కసారి వాడినవాళ్లలో పదిమందిని కూర్చోబెట్టి, మీరు ఇచ్చిన మాటలు ఒక్కొక్కటీ వాళ్ల భాషలో చదివి, "ఇది మీకు అందిందా?" అని అడిగి చూడండి. ఆ గంటలో తెలిసేది ఏడాది నివేదికల్లో దొరకదు.

రైతు లెక్కలో ఉన్నది, మన లెక్కలో లేనిది

2003లో మహబూబ్‌నగర్ జిల్లాలో బేసిక్స్ సంస్థ, ఐసీఐసీఐ లాంబార్డ్ బీమా కంపెనీ కలిసి వేరుశనగ, ఆముదం రైతులకు వాన లెక్కన బీమా అమ్మాయి. పంట నష్టం అంచనా వేయడానికి మనుషులు తిరగక్కర్లేదు, కొలత పరికరంలో వాన తక్కువ నమోదైతే డబ్బు వస్తుంది. తెలివైన ఆలోచన. చిక్కల్లా పరికరం ఒక చోట, పొలం ఒక చోట ఉండటం. కాలువకు ఇటు తడిసి అటు పొడిగా ఉండటం మన సీమ రైతుకు కొత్త కాదు. పరికరం దగ్గర కురిసి, పొలంలో కురవకపోతే రైతు ప్రీమియం కట్టి కూడా నష్టపోతాడు. కొలిచే చోటుకూ జీవితం జరిగే చోటుకూ మధ్య దూరం ఎంతన్నదే ఇలాంటి ప్రాడక్టు భవిష్యత్తును తేలుస్తుంది.

శనక్కాయ విత్తనం సంగతి ఇంకా లోతైనది. టీఎంవీ-2 అనే రకం 1940లో వచ్చింది. అంతకన్నా దిగుబడినిచ్చే రకాలు ఎన్నో విడుదలైనా దశాబ్దాల తరబడి మన రైతు దాన్ని వదల్లేదు. రైతుకు తెలియక అనుకున్నారు చాలామంది. వరిలాగా కొద్ది విత్తనంతో పొలమంతా నిండే పంట కాదిది. ఎకరానికి బస్తా దగ్గర పడుతుంది, తిరిగి విత్తనంగా వచ్చేది కొన్ని రెట్లే. కొత్త రకం ఎంత మంచిదైనా అందరికీ అందేసరికి ఏళ్లు పడుతుంది. రాయితీ విత్తనం కోసం రాత్రి నుంచే చెప్పులు వరసలో పెట్టి కాచుకున్న రైతులను ఈ జిల్లా చూసింది. పైగా రైతు కాయను ఒక్కదాన్నే చూడడు. కట్టెను చూస్తాడు. కాయ రాకపోయినా కట్టె దక్కితే ఎద్దులకు, ఆవులకు ఆ ఏడు గడుస్తుంది. కాయ దిగుబడి పట్టిక పట్టుకుని వెళ్లినవాళ్లకు ఈ వరస కనపడలేదు. మీ ప్రాడక్టును జనం ఎందుకు తీసుకోలేదని అడిగేముందు, పాతది వాళ్లకు ఇస్తున్న ఏ మేలు మీ పట్టికలో లేదో వెతకండి.

అప్పగించేటప్పుడు కాగితం మీద ఎవరి పేరు రాస్తామన్నది కూడా ప్రాడక్టులో భాగమే. 1969లో అనంతపురం వచ్చిన విన్సెంట్ ఫెర్రర్ మొదలుపెట్టిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు పేదలకు కట్టిన ఇళ్లను ఆ ఇంటి ఆడమనిషి పేరు మీద రాయించింది. గోడ అదే, కప్పు అదే. తాళం ఇచ్చిన మర్నాటి నుంచి ఆ ఇంట్లో ఎవరి మాట చెల్లుతుందన్నది మారింది.

కియా కార్ల ఫ్యాక్టరీ కథ ఇక్కడ చాలామందికి తెలిసిందే కాబట్టి ఒక్క ముక్క చెబుతాను. 2017 ఏప్రిల్‌లో ఒప్పందం, 2019 ఆగస్టులో పెనుకొండ పక్క ఎర్రమంచి నుంచి మొదటి సెల్టోస్. అందరూ ఫ్యాక్టరీని చూశారు. దానికి నీళ్లిచ్చే గొల్లపల్లి జలాశయంలోకి హంద్రీ-నీవా కాలువ నీళ్లు రాకపోతే ఆ గడువే లేదు. తన చేతిలో లేని పనుల జాబితా రాసి, ముందు వాటి వెంట పడేవాడే గడువుకు చేరతాడు.

పైకి వెళ్లేకొద్దీ

ఉద్యోగంలో మెట్లెక్కేకొద్దీ నేల దూరమవుతుంది. మొదట్లో ఫోనులో వినియోగదారుడి గొంతు వినేవాళ్లు, తర్వాత నివేదిక చదువుతారు, ఆ తర్వాత నివేదికల సారాంశం చదువుతారు. 1800 నుంచి 1807 దాకా దత్త మండలాల కలెక్టరుగా ఉన్న థామస్ మన్రో ఈ దూరం పెరగకుండా చూసుకున్నాడు. గుడారాలు వేసుకుంటూ ఊరూరూ తిరిగి, రైతులతో నేరుగా మాట్లాడుతూ, పొలం పొలం సర్వే చేయించాడు. అతను ఈస్టిండియా కంపెనీకి పన్ను వసూలు చేసే మనిషే, అది మరువకూడదు. అయినా 1807లో శిస్తు నాలుగో వంతు తగ్గించాలని పైవాళ్లకు రాశాడు. వాళ్లు ఒప్పుకోలేదు. 1820లో మద్రాసు గవర్నరయ్యాక ఆ తగ్గింపు తానే అమలు చేశాడు. 1827 జూలై 6న పత్తికొండలో కలరాతో చనిపోయిందీ పర్యటనలోనే.

పైవాడితో విభేదం వచ్చినప్పుడు కేకలేయడం, మూతి ముడుచుకోవడం, ఉద్యోగం మానేయడం తేలిక. లెక్కలతో, మర్యాదగా, తేదీ వేసి రాసి పెట్టడం కష్టం. రాసి పెట్టిన మాటకు ఆయువు ఎక్కువ.

మన పిల్లల్లో చాలామంది తెలుగు మీడియంలో చదివి జేఎన్టీయూ మీదుగా బెంగళూరు చేరినవాళ్లు. ఇంగ్లీషు మీటింగుల్లో నోరు మెదపలేమన్న భయం వాళ్లను ఏళ్ల తరబడి టెస్టింగులో, సపోర్టులో కూర్చోబెడుతోంది. ఆ సీటులో కూర్చున్నవాళ్లకే వాడేవాళ్ల కష్టం అందరికన్నా బాగా తెలుసు. రోజూ వచ్చే ఫిర్యాదుల్లో మూడింటిని ఎంచుకుని, ఎందుకు వస్తున్నాయి, ఎవరికి వస్తున్నాయి, తీరిస్తే ఏం మిగులుతుంది అని అర పేజీ రాసి పంపడం మొదలుపెట్టండి. ప్రాడక్టు మేనేజరు పనికి అంతకన్నా మంచి దరఖాస్తు లేదు. ఇంటర్వ్యూలో ఏమేం విడుదల చేశారో చెప్పేవాళ్లు బోలెడంత మంది. విడుదల చేశాక ఏడాదికి అది ఎలా ఉందో, ఏది విరిగిందో, ఎవరు బాగు చేస్తున్నారో చెప్పగలిగినవాళ్లు అరుదు. అందుకే విడుదలయ్యాక ఆరు నెలలైనా ఆ పనితోనే ఉంటానని అడిగి మరీ ఉండండి.

జేఎన్టీయూ పెద్దలకు, బెంగళూరు కంపెనీల్లో నియామకాలు చూసేవాళ్లకు ఒక విన్నపం. చివరి ఏడాది ప్రాజెక్టు పేరుతో పిల్లలు ఎక్కడో దొరికిన పనిని అట్ట మార్చి ఇస్తున్నారు. దాని బదులు ఇద్దరిద్దరికి ఒక తాగునీటి పథకమో, చెరువో, ఊరి ఉపాధి పనుల లెక్కో అప్పగించండి. కట్టి మూడేళ్లు దాటినదై ఉండాలి. ఆరు నెలలు దాని వెంట తిరిగి, ఎవరు నడుపుతున్నారు, జీతం ఎక్కడి నుంచి వస్తోంది, చివరి కొళాయిలో నీళ్లు ఎన్ని గంటలకు వస్తున్నాయి, మొదట ఇచ్చిన మాటల్లో ఎన్ని మిగిలాయి అని తెలుగులో రాసి, ఆ ఊరి సభలోనే చదివి వినిపించాలి. మార్కులు అక్కడే వేయాలి. సామాజిక తనిఖీ చేసిన కూలీల పిల్లలు మన జిల్లాలో చాలామంది ఉన్నారు. ఆ విద్యార్థులకు మొదటి వారం శిక్షణ వాళ్ల చేతే ఇప్పించవచ్చు, అందుకు వాళ్లకు తగిన డబ్బు కూడా ఇవ్వాలి.